సెంటీమీటరున్నర సర్దుబాటు: చిన్న ట్రాక్టర్ హిచ్‌కు రెండు హైడ్రాలిక్ సిలిండర్లు

నేపథ్యం

ఈ కేసులో యజమానే డ్రైవరు. సుమారు 30 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్, దాని వెనక మీటరున్నర వెడల్పు బాక్స్ బ్లేడు, అంటే పళ్లతో తవ్వి, అంచులతో మట్టిని కోసి పరిచే పెట్టెలాంటి పనిముట్టు. తన స్థలానికి వచ్చే కంకర దారిని, అడిగితే ఇరుగుపొరుగు దారులను కూడా, వానలు తగ్గాక చదును చేసి వాలు సరిపెట్టడం ఆయన పని. ఆయన ఎవరో, ట్రాక్టర్ ఏ కంపెనీదో చెప్పడం లేదు. కొలతలు మాత్రం దాచడం లేదు. కేసు నడిచిందే వాటి మీద.

హిచ్, అంటే పనిముట్టును ట్రాక్టర్ వెనక మూడు చోట్ల పట్టి ఎత్తే అమరిక, కేటగిరీ 1 పరిమాణంది. కింది లింకుల పిన్నులు 22 మిల్లీమీటర్లవి, వాటికి పైన నడుమ ఉండే టాప్ లింక్ పిన్ను 19 మిల్లీమీటర్లది. కింది లింకులను ఎత్తి పట్టే లిఫ్ట్ రాడ్లలో ఎడమదాని పొడవు మారదు. కుడి రాడ్‌కు పిడి తిప్పి పొడవు మార్చుకునే మర ఉండేది. టాప్ లింక్ ఇరువైపులా మరలున్న మామూలు గొట్టం. బ్లేడు నేల మీద ఎలా కూర్చోవాలో ఈ రెండే తేలుస్తాయి. టాప్ లింక్ పొడవు తగ్గిస్తే బాక్సు ముందుకు వంగి పళ్లు, ముందు అంచు నేలను కోస్తాయి. పెంచితే వెనక అంచు ఆని, పోగైన మట్టిని పరుస్తుంది. కుడి రాడ్ పొడవు పెరిగితే కుడి మూల దిగుతుంది, తగ్గితే లేస్తుంది. దారికి అడ్డవాలు ఇచ్చేదీ, పక్క కాలువ అంచు తీసేదీ ఆ రాడ్డే.

దిగి మర తిప్పే పనిని ఆయన ఏళ్లుగా తప్పించుకుంటూ వచ్చారు. "బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్లి తిప్పి మళ్లీ ఎక్కడం కన్నా ఇంకో విడత లాగడమే నయం అనిపించేదండీ" అన్నారు. ఒకే కోణంలో మళ్లీ మళ్లీ లాగితే దారి ఎలా తయారవుతుందో అలాగే తయారైంది. నడుమ పల్లం, అంచుల్లో గట్లు. పక్కకు జారిపోవాల్సిన వాన నీరు దారి పొడవునా పారుతూ కంకరను కొట్టుకుపోతోంది.

చివరికి ఒక సిలిండర్ కొని కుడి రాడ్ స్థానంలో తానే బిగించుకున్నారు. 50 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 25 మిల్లీమీటర్ల రాడ్, 15 సెంటీమీటర్ల స్ట్రోకు (రాడ్ కదిలే దూరం), రెండు వైపులా ఆయిల్ వెళ్లే మామూలు రకం. ట్రాక్టర్ వెనక ఉన్న ఒకే ఒక్క రిమోట్ వాల్వుకు, అంటే లీవరు కదిపితే బయటి సిలిండర్‌కు ఆయిల్ పంపే వాల్వుకు, రెండు హోసులు కలిపారు. నా దగ్గరికి వచ్చింది ఆ తర్వాత.

వచ్చినప్పటి సమస్య

ఆయన కోరిక ఒక్క మాటలో ఇది: సిలిండర్‌కు బలం చాలడం లేదు, పెద్దది వేయాలి. ఎందుకలా అనుకుంటున్నారని అడిగితే రెండు లక్షణాలు చెప్పారు. దారి మొదట్లో సరిగ్గా పెట్టిన బ్లేడు చివరికి వచ్చేసరికి కుడి మూలతో లోతుగా తవ్వుతోంది. లీవరు ముట్టుకుంటే చాలు, మూల అటు అంతా లేస్తుంది, లేదా ఇటు అంతా దిగుతుంది. నడుమ ఎక్కడా ఆగడం లేదు.

రెండో లక్షణం వినగానే బలం సంగతి పక్కన పెట్టాను. బలం చాలని సిలిండర్ నెమ్మదిగా కదులుతుంది, మొరాయిస్తుంది. ఇది ఉరుకుతోంది. అయినా ఊహతో ముందుకు పోకుండా రాడ్ వైపు (సిలిండర్‌లో రాడ్ బయటికొచ్చే కొస) హోసుకు గేజి పెట్టి చూశాను. బ్లేడు గాలిలో ఉండగా నిలిచిన ఒత్తిడి 15 బార్ల చుట్టుపక్కలే. ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు ఆ ట్రాక్టర్‌లో తెరుచుకునేది 150 బార్ల దగ్గర. అంటే ఉన్న బలంలో పదో వంతుతోనే పని జరిగిపోతోంది.

మొదటి లక్షణానికి కారణం వేరు. బరువు ఎప్పుడూ ఆ సిలిండర్‌ను సాగదీసే దిశలోనే వేలాడుతుంది. రాడ్ వైపున్న ఆయిల్ ఎక్కడి నుంచైనా తప్పించుకుంటే కుడి మూల జారుతుంది. తప్పించుకునే దారులు రెండు: పిస్టన్ సీలు, లేదా వాల్వులో అటూ ఇటూ జరిగి ఆయిల్ దారి మార్చే స్పూలు. ఏదో తేల్చడానికి చాలామంది రెండు పోర్టులూ మూసి చూస్తారు. ఆ పరీక్ష ఇక్కడ తికమక పెట్టవచ్చు. రెండూ మూసేస్తే, సీలు కారుతున్నా సరే, రాడ్ బయటికి వచ్చిన మేరకు లోపలి చోటు పెరగాలి కదా. దాన్ని నింపడానికి అదనపు ఆయిల్ రాదు కనుక పిస్టన్ వైపు శూన్యం ఏర్పడి, రాడ్ జారడాన్ని కొంత వెనక్కి పట్టవచ్చు. కారే సీలు ఉన్నదానికన్నా మంచిదిలా కనిపించవచ్చు. అందుకే బ్లేడును నేల మీదికి దించి, ఒత్తిడి వదిలించి, రాడ్ వైపు పోర్టు మాత్రమే మూశాను. రెండో పోర్టును తెరిచే ఉంచాను. తర్వాత హిచ్ లేపి రాడ్ మీద సుద్దతో గీత పెట్టాం. గీత కదల్లేదు. సీలు బాగుంది, కారుతున్నది స్పూలు. అది పాడైందని కూడా కాదు. స్పూలుకూ దాని గూటికీ మధ్య సన్నని ఖాళీ ఉంటేనే అది జరుగుతుంది. ఆ ఖాళీలోంచి ఆయిల్ కొద్దికొద్దిగా కారడం దాని స్వభావం. గంటల తరబడి బరువు మోయడానికి దాన్ని తయారు చేయలేదు.

లెక్క

పెద్ద సిలిండర్ వద్దని చెప్పడానికి ఆయన ముందే కాగితం మీద లెక్క వేశాను. ఇలాంటి పనుల్లో రెంచి పట్టే ముందు టేపు పట్టడం నా అలవాటు.

కింది లింకు ట్రాక్టర్‌కు తగిలే చోటి నుంచి చివరి బంతి వరకు 80 సెంటీమీటర్లు. లిఫ్ట్ రాడ్ తగిలేది 45 దగ్గర. అంటే రాడ్ ఒక సెంటీమీటరు కదిలితే బంతి సుమారు 1.8 సెంటీమీటర్లు కదులుతుంది. రెండు బంతుల మధ్య దూరం 68 సెంటీమీటర్లు. కంకర దారికి నీరు పోవడానికి కావాల్సిన అడ్డవాలు సుమారు 4 శాతం. 68లో 4 శాతం 2.7 సెంటీమీటర్లు. దాన్ని 1.8తో భాగిస్తే సెంటీమీటరున్నర.

ఆయన పని మొత్తం ఆ సెంటీమీటరున్నరలో ఉంది. బిగించుకున్న సిలిండర్ స్ట్రోకు 15 సెంటీమీటర్లు. ఆ కొస నుంచి ఈ కొసకు నడిపితే వాలు 40 శాతం మారుతుంది. పంపు నిమిషానికి సుమారు 20 లీటర్లు ఇస్తుంది, అంటే సెకనుకు 330 ఘన సెంటీమీటర్లకు పైనే. 50 మిల్లీమీటర్ల పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు కాబట్టి రాడ్ సెకనుకు 17 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. కావాల్సిన సెంటీమీటరున్నర సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది. అంత కచ్చితంగా లీవరు వదిలే చెయ్యి ఎవరికీ ఉండదు.

సిలిండర్ మార్చాలా? బోరు తగ్గిస్తే బలం ఎలాగూ సరిపోతుంది కదా అని ఆయనే అడిగారు. మంచి ప్రశ్న, కానీ రెండు చోట్ల దెబ్బ తింటుంది. బోరు తగ్గితే అదే ఆయిల్‌కు వేగం ఇంకా పెరుగుతుంది. రెండోది భద్రత. ఈ హిచ్ బంతుల దగ్గర సుమారు 900 కిలోలు లేపగలదు. ఎప్పుడో ఒక రాయి తగిలి ఆ బలమంతా కుడి రాడ్ ఒక్కదాని మీదే పడితే, 1.8 రెట్లు లెక్కన 1,620 కిలోల లాగుడు వస్తుంది. 50 బోరు సిలిండర్‌లో అది 108 బార్లు. 40 బోరుకు అదే 25 మిల్లీమీటర్ల రాడ్ ఉంటే 200 బార్లు దాటుతుంది. సిలిండర్ పక్కన లాక్ వాల్వు (లీవరు కదిపితే తప్ప సిలిండర్‌లోని ఆయిల్‌ను బయటికి పోనివ్వని తాళం) పెట్టాక లోపల చిక్కుకున్న ఒత్తిడికి ట్రాక్టర్ రిలీఫ్ వాల్వు ఏ సాయమూ చేయలేదు. కనుక 50 బోరునే ఉంచాం, నెమ్మది కోసం, ఓర్పు కోసం. పొడవు కూడా కుదిరింది. ముడిచినప్పుడు 43, స్ట్రోకు నడుమ 50.5 సెంటీమీటర్లు, ఎడమ రాడ్ పొడవుకు దాదాపు సమానం. ఈ నడిమి పొడవు కలవకపోతే సిలిండర్ ఒక పక్కకే ఎక్కువ కదులుతుంది.

ఏమేం చేశాం

ఆయన టాప్ లింక్‌ను కూడా హైడ్రాలిక్ చేయమన్నారు. పని చేసేటప్పుడు తరచూ మార్చాల్సింది నిజానికి అదే. కోతకు ముందుకు వంచడం, పరచడానికి వెనక్కి వంచడం ప్రతి విడతలోనూ ఉంటాయి. దాని మీద బరువు రెండు దిశల్లో పడుతుంది. బ్లేడు కోస్తున్నప్పుడు నేల కింది అంచును వెనక్కి నెడితే లింకు నొక్కుకుంటుంది. బ్లేడు గాలిలో వేలాడుతున్నప్పుడు అదే లింకు సాగదీతకు లోనవుతుంది. కనుక దానికి రెండు పోర్టులనూ బంధించే జంట లాక్ వాల్వు తప్పదు. కుడి రాడ్‌కు ఒక వైపు చాలునేమో అనిపిస్తుంది. బ్లేడు మూల రాయి మీదికెక్కితే తోపు తిరగబడుతుంది కాబట్టి దానికీ జంటదే పెట్టాం. రెంటినీ సిలిండర్ ఒంటికే బిగించి ఉక్కు గొట్టంతో కలిపాం. హోసు చిట్లినా బ్లేడు పడిపోకూడదన్నది ఉద్దేశం.

రిమోట్ వాల్వు మార్చక తప్పలేదు. రెండు స్పూళ్లది కావాలి. పైగా లాక్ వాల్వులు గట్టిగా మూసుకోవాలంటే లీవరు నడుమ ఉన్నప్పుడు స్పూలు రెండు పోర్టులనూ ట్యాంకుకు తెరిచి ఉంచే రకమై ఉండాలి. పోర్టులను బిగించే రకమైతే హోసులో మిగిలిన ఒత్తిడి లాక్ వాల్వును కాసేపు సగం తెరిచే ఉంచుతుంది.

ఇది ఓపెన్ సెంటర్ వ్యవస్థ, అంటే లీవరు ముట్టుకోనప్పుడు కూడా పంపు ఆయిల్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పంపు ఆయిల్ మొదట ఈ వాల్వులోంచి, తర్వాత హిచ్‌కు పోతుంది. వాల్వు సాధారణ అవుట్ పోర్టు నుంచి హిచ్‌కు హోసు వేసేయడం తరచూ కనిపించే పని. హిచ్ బరువు ఎత్తినప్పుడల్లా ఆ ఒత్తిడి వాల్వులో ట్యాంకు వైపు గదుల మీద పడుతుంది. అవి దానికి తగినవి కావు. సీళ్లు పోతాయి, ఒక్కోసారి బాడీయే పగులుతుంది. అందుకని పంపు ఒత్తిడిని ట్యాంకు వైపు గదులకు తగలకుండా ముందుకు పంపే పవర్ బియాండ్ స్లీవు వేసి హిచ్‌కు వేరు దారి, ట్యాంకుకు వేరు దారి ఇచ్చాం. లీవరు పట్టుకున్నంత సేపూ హిచ్ లేవదని ఆయనకు ముందే చెప్పాను. లేకపోతే మొదటి రోజే హిచ్ పాడైందని ఫోను వస్తుంది.

పనిచేయనిది

వేగం తగ్గించడానికి సన్న రంధ్రం ఉన్న బిళ్లలు వేయాలి. వాటిని మొదట వాల్వు దగ్గరి కప్లింగుల్లోనే వేసి చూశాం. చేతికి అందుతాయి, రంధ్రం పరిమాణం మార్చి చూడటం తేలిక. కుడి మూలను లేపడం హాయిగా ఉంది. దించేటప్పుడు మాత్రం సిలిండర్ టకటకా కొట్టుకుంటూ, బ్లేడు మొత్తం అదురుతూ దిగింది. సీటు మీద చెయ్యి పెడితే తెలిసేంత అదురు. ఇంజను వేగం తగ్గించినా, సిలిండర్‌లో గాలి లేకుండా చూసుకున్నా అదే తీరు.

కారణం లాక్ వాల్వు పనితీరులో ఉంది. సిలిండర్ సాగేటప్పుడు పిస్టన్ వైపు వచ్చే ఒత్తిడే రెండో వైపు తాళం తీస్తుంది. తాళం తెరుచుకోగానే వేలాడే బరువు రాడ్‌ను పంపు నింపగలిగిన దానికన్నా వేగంగా లాగేస్తుంది. పిస్టన్ వైపు ఒత్తిడి పడిపోతుంది, తాళం మూసుకుంటుంది. మళ్లీ ఒత్తిడి పెరిగి తెరుచుకుంటుంది. దీనికి తోడు మా బిళ్ల తాళం దాటాక ఉంది. బయటికి పోయే ఆయిల్ ఆ బిళ్ల దగ్గర అడ్డుపడి, తాళం తీసి పట్టుకున్న చిన్న పిస్టన్‌ను వెనక్కి నెడుతోంది. బిళ్ల రంధ్రం ఎంత తగ్గిస్తే కొట్టుకోవడం అంత పెరగడం ఈ వివరణకు సరిపోయింది.

లాక్ వాల్వు తీసేస్తే అదురు పోతుంది, మూల జారడం తిరిగొస్తుంది. ఆ బేరం ఒప్పుకోదగినది కాదు.

పనిచేసింది

బిళ్లలను సిలిండర్‌కూ లాక్ వాల్వుకూ మధ్యకు, అంటే సిలిండర్ పోర్టులోకే మార్చాం. ఇప్పుడు బరువు లాగే ఆయిల్‌కు ముందు బిళ్ల అడ్డొస్తుంది. బరువు పంపును మించి పరుగెత్తలేదు. తాళం తీసే ఒత్తిడి వాల్వు నుంచి నేరుగా వస్తుంది కనుక లీవరు పట్టినంత సేపూ తెరిచే ఉంటుంది. అదురు పూర్తిగా పోయింది.

ఒక దిశలోనే అడ్డుకునే రకం కాకుండా రెండు పోర్టుల్లోనూ మామూలు బిళ్లలే వేయడానికి కారణం ఉంది. రాడ్ వైపు వైశాల్యం 14.7 చదరపు సెంటీమీటర్లే. బయటికి పోయే ఆయిల్‌ను మాత్రమే అడ్డి, లోపలికి 150 బార్లూ వదిలితే, వేలాడే బరువును లెక్కించకుండానే రాడ్ వైపు ఒత్తిడి 200 బార్లకు చేరుతుంది. లోపలికి వచ్చే దారిలోనూ బిళ్ల ఉంటే ఆ భారం పంచుకుంటుంది.

కుడి రాడ్‌కు 0.8 మిల్లీమీటర్ల రంధ్రం, టాప్ లింక్‌కు 1.2. కుడి సిలిండర్ పూర్తి స్ట్రోకుకు ఐదారు సెకన్లు, టాప్ లింక్ మూడు సెకన్ల లోపు. సెంటీమీటరున్నరకు ఇప్పుడు అర సెకను పైనే పడుతుంది. లీవరును ఒకసారి తట్టి వదిలితే వాలు ఒక శాతం చొప్పున మారుతుందన్న లెక్క ఆయన చేతికి త్వరగానే పట్టుబడింది. అంత సన్న రంధ్రంలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా సిలిండర్ ఆగిపోతుంది. అందుకే హోసులను బిగించే ముందు కడిగి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాం. లీవరు పట్టుకున్నప్పుడు మిగతా ఆయిల్ రిలీఫ్ వాల్వు మీదుగా కూతపెట్టి పోతుంది, వేడెక్కుతుంది. తట్టి వదలడమే పద్ధతి, పట్టుకుని కూర్చోకూడదు.

ఇంతవరకు చేసిందంతా ఒక ఎత్తు, చూపుడు ముల్లు ఒక ఎత్తు. సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తే సెంటీమీటరున్నర కదలిక కంటికి ఆనదు. అందుకని కుడి సిలిండర్ పక్కన ఒక సన్న ఊచను ఇరుసు మీద బిగించాం. రాడ్ దాని పొట్టి చేతిని నెడుతుంది, పొడుగు చెయ్యి మూడు రెట్లు కదులుతుంది. సెంటీమీటరున్నర నాలుగున్నర అవుతుంది. గట్టి నేల మీద బండి నిలిపి, బ్లేడు మీద రసమట్టం పెట్టి సున్నా దగ్గర తెల్ల గీత, అటూ ఇటూ 4 శాతం దగ్గర పసుపు గీతలు పెట్టాం. దారి మీద ఆయన ఎక్కువగా చూసేది బ్లేడును కాదు, ఆ ముల్లునే. లీవరు ముందుకు తోస్తే కుడి మూల దిగేలా హోసులు కలిపాం. తిరగబడి ఉంటే ఎంత అలవాటైన చెయ్యైనా తొందరలో తడబడుతుంది.

బిగించాక ప్రతి కొసకూ నడిపి, ఇంజను ఆపి చూశాం. టాప్ లింక్‌ను పూర్తిగా ముడిచి హిచ్ పూర్తిగా లేపితే బ్లేడు స్తంభం వెనక కప్లింగులకు తగిలేలా ఉంది. రాడ్ మీద 3 సెంటీమీటర్ల కాలరు తొడిగి ఆ ముడుపును ఆపాం. కుడి సిలిండర్ చివరలు రెండూ తిరిగే బంతులవి. మామూలు పిన్ను చెవులైతే బ్లేడు వాలినప్పుడు రాడ్ వంగే ప్రమాదం ఉంది. టైరుకూ సిలిండర్‌కూ మధ్య, బ్లేడు ఒక పక్కకు ఊగినప్పుడు కూడా, వేలు దూరేంత ఖాళీ మిగిలింది. కారుడు వెతకడానికి అట్టముక్క వాడాం. ఒత్తిడిలో ఉన్న సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. చేత్తో తడిమి చూడటం ఎవరు చేసినా నేను ఆపేస్తాను.

దారి మీద

ముందు టాప్ లింక్ ముడిచి, పళ్లు దించి, గుంతల అడుగుదాకా తవ్వారు. పైపైన గీస్తే పాత గుంత వదులు కంకరతో నిండుతుందే తప్ప పోదు. తర్వాత పళ్లు ఎత్తి, కుడి ముల్లును పసుపు గీత మీదికి తెచ్చి, అంచు వైపు మూల కిందికి ఉండేలా ఒక సగం లాగారు. చివర్లో తిరిగి రెండో సగం మీదుగా వెనక్కి వస్తే అదే మూల మళ్లీ బయటి అంచు వైపే ఉంటుంది. కాబట్టి సర్దుబాటు మార్చకుండానే నడుమ మిట్ట దానంతటదే పడింది. ఆఖరి విడతలో టాప్ లింక్ పొడిగించి పరిచారు. ఈ మార్పులన్నీ సీట్లో కూర్చునే జరిగాయి.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. మలుపు దగ్గర దారి మీద పడే అడ్డ గాడులు తిరిగి వస్తున్నాయి. హైడ్రాలిక్స్‌కు వాటితో సంబంధం లేదు. అవి ఆ చోట వాహనాల వేగం వల్ల, పొడిబారిన వదులు కంకర వల్ల పుట్టేవి. పైగా చిన్న ట్రాక్టర్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం తక్కువ. వెనక చక్రం గాడి ఎక్కినప్పుడల్లా బ్లేడు కదిలి ఆ అలను నేలకు దించుతుంది. నేల కాస్త తడిగా ఉన్నప్పుడు, తక్కువ గేరులో, గాడి అడుగు దాకా తవ్వి చేయమన్నాను. బ్లేడు వెనక ఎత్తు నిలిపే చక్రాలు పెట్టుకుంటే ఇంకా మేలు. వాటికి ఈ హిచ్ సరిపోతుందో లేదో బరువు తూచి చూడాలి. ఆయన ప్రస్తుతం ఆ బరువు కనుక్కునే పనిలో ఉన్నారు.